కుళ్ళును ఆపిన దేవత: పురుగు ఒంట్లో పడిన కొండదేవత పాత్రను ఎలా నిర్మించాలి

కొండ మీద నుంచి పతనమైన ఒక ప్రకృతి దేవత పురుగును పోలిన ఒంట్లో, ఆ ఒంటిని లోపలి నుంచి తింటున్న శిలీంధ్రంతో సహా, చావు ఉన్న ప్రాణిగా బతుకుతున్నదనుకోండి. అటువంటి పాత్రను కథలోనో, నాటకంలోనో, నలుగురు కూర్చుని పాత్రలు పంచుకుని ఆడే కథల ఆటలోనో నిలబెట్టదలచినవారి కోసం నాకు పని చేసిన పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. నేను పర్లాకిమిడిలో ఉండి తెలుగులో కథలు రాసుకుంటాను. అందుచేత ఉదాహరణలన్నీ ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల కొండల నుంచీ, సరిహద్దుకు అవతల ఆంధ్రలోని ఉద్దానం తోటల నుంచీ వస్తాయి. మీ ఊరు సిరివంచ దగ్గరైనా, జయపురం దగ్గరైనా మొక్కల పేర్లూ పురుగుల పేర్లూ మార్చుకుంటే పద్ధతి మారదు.

చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఒక మహర్షి చేత శాపం పెట్టిస్తారు, తర్వాత ఆమె వీపు మీద నాలుగు పుట్టగొడుగులు అతికిస్తారు, అక్కడితో వర్ణన అయిపోయిందనుకుంటారు. ఆ బూజు లేకపోయినా కథ అలాగే నడుస్తుంది కాబట్టి పాఠకుడు రెండో పుటలోనే దాన్ని మరచిపోతాడు. ముందు ఒంటి నియమాలు రాసుకుని, అవి పూర్తయ్యాకే దేవత కథలోకి వెళ్ళమని నా సలహా.

పని మొదలుపెట్టే ముందు

వానలు పడ్డాక ఒక ఉదయం రైతు అనుమతి అడిగి గత్తపు కుప్ప దగ్గరకు వెళ్ళండి. పుల్లతో పైపొర తిరగేస్తే, తెల్లగా లావుగా, కొడవలిలా వంగి పడుకున్న కొమ్ము పురుగు పిల్ల దొరకవచ్చు. దాని ఒంటికి ఇరువైపులా వరుసగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. అవే దాని ముక్కు రంధ్రాలు. ఒక అరగంట దాని పక్కన కూర్చుని అది మళ్ళీ లోపలికి ఎలా దూరుతుందో చూసి, చూసినదంతా పుస్తకంలో రాసుకోండి. ఈ పాత్ర గురించి మీరు రాయబోయే వాటిలో సగం ఆ అరగంటలోనే దొరుకుతుంది.

1. కొండను కల్పించండి, దేవుణ్ణి అరువు తెచ్చుకోకండి

మొదట ఆమె ఏ కొండ మీద ఉండేదో తేల్చుకోవాలి. మన చుట్టుపక్కల పేరున్న కొండలకు కొరత లేదు. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది, కోరాపుట్ జిల్లాలో 1,672 మీటర్ల దేవమాలి ఉంది, రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి ఉంది. వీటి మట్టినీ, మంచునీ, చెట్లనూ నిస్సంకోచంగా వాడుకోండి. వీటిమీద కొలువైన దేవుళ్ళను మాత్రం పతనమైనవారిగా రాయవద్దు. నియమగిరి మీది నియమరాజు అక్కడి గిరిజనులైన డోంగ్రియా కొంధులకు ఇవాళ కూడా కొండను ఏలే రాజే. అక్కడ బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పగా, ఆ ఏడాదే 12 గ్రామసభలు ఒకదాని తర్వాత ఒకటి తవ్వకం వద్దని తీర్మానించాయి. అంతటి దేవుణ్ణి కొండ దిగజార్చి పురుగు ఒంట్లో పెట్టడం మర్యాద కాదని నా అభిప్రాయం, పైగా కథగా కూడా అది నిలవదు. రాయగడలోని మజ్జిగౌరమ్మ విషయంలోనూ, బరంపురం ఠాకురాణి విషయంలోనూ ఇదే మాట.

కాబట్టి పేరు లేని ఒక చిన్న కొండను మీరే కల్పించుకోండి. పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. నా దేవతకు మొదట పుట్టలమ్మ అని పెట్టుకున్నాను, ఆ పేరుతో నిజంగానే గుడులున్నాయని గుర్తొచ్చి కొట్టేశాను. ఇప్పుడు ఆమెను గొడుగుల తల్లి అంటున్నాను. ఆ పేరు ఎందుకు కుదిరిందో శిలీంధ్రం దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను.

2. ఒంటిని ఎంచుకుని దాని కొలతలు రాసుకోండి

పురుగు అన్న మాటను అలా వదిలేయకుండా ఏ పురుగో నిర్ణయించాలి. ఆరుద్ర పురుగును పురుగని పిలుస్తాం గాని దానికి కాళ్ళు ఎనిమిది, అంటే అది సాలీడు కులానిది. చీమ ఒళ్ళు ఇస్తే ఆమె గుంపు లేకుండా బతకలేదు. రాణి చెద ఒళ్ళు ఇస్తే ఉబ్బిన పొట్టతో కదలలేదు, కథంతా పుట్టలోనే గడిచిపోతుంది. నేను కొమ్ము పురుగును ఎంచుకున్నాను. ఉద్దానంలో కొబ్బరి తోట ఉన్న ఇంట్లో దాన్ని ఎరగనివారుండరు. రాత్రివేళ మొవ్వులోకి తొలుచుకుపోయి లేత ఆకును కొరికితే, ఆ మట్ట విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. చెట్లను కాపాడిన దేవతకు చెట్టు మొవ్వు తినే ఒళ్ళు దొరకడంలో ఉన్న ఎత్తిపొడుపు నాకు నచ్చింది. దాని పిల్ల దశ గడిచేది గత్తంలోనూ, చచ్చి కుళ్ళుతున్న మొద్దుల్లోనూ. తుఫాను వచ్చి కొబ్బరి చెట్లు కూలితే ఆ మొద్దులే దీనికి పురిటిల్లు అవుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్నీ గజపతి జిల్లానూ ఊడ్చిపెట్టిన సంగతి ఈ ప్రాంతం పాఠకుడికి గుర్తు చేయనక్కరలేదు. అందుకే నా కథ ఆ తుఫాను తర్వాతి ఏడాదిలో నడుస్తుంది.

ఒళ్ళు ఎంచుకున్నాక ఈ విషయాలను మీ పుస్తకంలో సమాధానాలుగా రాసుకోండి. ఎముక లోపల లేదు, పెంకు బయట ఉంది. కాబట్టి దెబ్బ తగిలితే ఆమె ఒళ్ళు కమిలిపోదు, పగులుతుంది. నెత్తురు ఎర్రగా ఉండదు, లేతపసుపు నీరులా ఉండి గొట్టాల్లో కాక ఒళ్ళంతా నిండి పారుతుంది. ఊపిరితిత్తులు లేవు, పక్కలనున్న రంధ్రాల నుంచి సన్నని నాళాలు గాలిని నేరుగా ప్రతి కండకూ చేరుస్తాయి. ఈ ఏర్పాటు వల్లనే పురుగులు మనిషంత పెరగలేవు. మీ దేవత మనిషంత ఎత్తుండాలని మీరు పట్టుబడితే ఆమె ప్రతి నిమిషమూ ఊపిరికోసం పొట్ట ఎగరేస్తూ ఉండాలి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసపడాలి. నేను అంత దూరం పోకుండా ఆమెను ఒక చేపల తట్టలో పట్టేంత పరిమాణంలో ఉంచాను. అదీ నిజమైన పురుగుకు ఎక్కువే గాని, తట్టలో పట్టేదాన్ని ఒకరు నెత్తిన మోయవచ్చు. మోసేవారు దొరికితే కథకు రెండో మనిషి దొరికినట్టే.

కుబుసం సంగతి కూడా మరచిపోవద్దు. పెంకు పెరగదు కాబట్టి పెరిగే దశలో పురుగు దాన్ని విడవాలి, విడిచిన కొన్ని గంటలు ఒళ్ళు మెత్తగా, రక్షణ లేకుండా ఉంటుంది. రెక్కలు వచ్చిన పెద్ద పురుగు మళ్ళీ కుబుసం విడవదు. మీ దేవత ఇంకా పిల్ల దశలో ఉంటే కుబుసంతో పాటు పైనున్న బూజును వదిలించుకునే అవకాశం ఉంది, పెద్దదైతే ఆ దారి మూసుకుపోయింది. ఈ ఒక్క నిర్ణయం మీ కథ ఆశతో నడుస్తుందో లేదో తేల్చేస్తుంది. నేను ఆమెను పిల్ల దశలోనే పడవేసి, కథ మధ్యలో రెక్కలు తెప్పించాను. చూసేవారు వేడుక చేసుకున్నారు, ఆమె ఒక్కతే ఏడ్చింది.

3. శిలీంధ్రం ఏం చేస్తుందో దశలవారీగా రాసుకోండి

ఇక్కడ తొందరపడవద్దు, ఈ పాత్రకు ప్రాణం ఇదే.

మన రైతులకు పురుగును చంపే శిలీంధ్రాలు కొత్త కాదు. బవేరియా, మెటారైజియం అన్న పొడులు పురుగుమందుల దుకాణంలో దొరుకుతాయి, గత్తపు కుప్పలో మెటారైజియం కలపడం కొమ్ము పురుగుకు సిఫారసు చేసే నివారణే. బవేరియా సోకిన పురుగు సున్నం పూసినట్టు తెల్లబడి గట్టిపడుతుంది, మెటారైజియం సోకినది ముదురాకుపచ్చ పొడి చల్లినట్టవుతుంది. పట్టుపురుగులకు వచ్చే ఆ తెల్ల రోగానికి ఒక ప్రాణమున్న శిలీంధ్రమే కారణమని 1835లో ఇటలీకి చెందిన అగస్టీనో బస్సీ నిరూపించాడు, బవేరియా బాసియానా అన్న పేరులో రెండో ముక్క ఆయనదే. రంగును అందం కోసం కాక ఈ లెక్కన ఎంచుకోండి. కొమ్ము పురుగు ఒళ్ళు ఇచ్చాను కాబట్టి నాది ఆకుపచ్చ. పోగొట్టుకున్న అడవి రంగే ఆమె ఒంటి మీద బూజై తిరిగి వచ్చినట్టుంటుంది.

పని జరిగే వరుస ఇది. సిద్ధబీజం, అంటే శిలీంధ్రానికి విత్తనంలాంటి కణం, ఒకటి పెంకు మీద అతుక్కుంటుంది. తేమ దొరికితే మొలకెత్తి, పెంకును కరిగించే రసాలు ఊరుస్తూ, ఒత్తిడితో తొలుచుకుని లోపలికి దిగుతుంది. లోపలి నీటిలో చిన్న చిన్న కణాలుగా విడిపోయి ఒళ్ళంతా వ్యాపిస్తుంది. మామూలు పురుగైతే వారం పది రోజుల్లో చనిపోతుంది. చచ్చాక గాలిలో తేమ ఉంటేనే బూజు పెంకును చీల్చుకుని బయటకు వస్తుంది, గాలి పొడిగా ఉంటే లోపలే ఎదురుచూస్తుంది. అంటే బయట ఏమీ కనిపించని నాడు లోపల అంతా అయిపోయి ఉండవచ్చు. మీ పాత్ర ఒంటిని వర్ణించేటప్పుడు ఈ సంగతి వాడుకోండి. పైకి నిగనిగలాడుతున్న రోజునే పాఠకుడికి భయం వేయాలి.

పురుగు పెంకులో ఉండే కైటిన్ అన్న పదార్థమే శిలీంధ్రం కణాల గోడల్లోనూ ఉంటుంది. రోగమూ రోగి ఒళ్ళూ ఒకే దినుసుతో కట్టినవి కాబట్టి ఎక్కడ ఆమె పెంకు ముగిసి ఎక్కడ బూజు మొదలైందో ఆమెకే తెలియని ఒక సన్నివేశం తప్పక రాయండి.

చీమలను పట్టుకునే ఒఫియోకార్డిసెప్స్ జాతి శిలీంధ్రాల నుంచి కూడా కొంత అరువు తెచ్చుకోవచ్చు. అది సోకిన చీమ తన గుంపును వదిలి మొక్క ఎక్కుతుంది. థాయిలాండ్ అడవుల్లో పరిశీలించినప్పుడు అటువంటి చీమలు నేలకు సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తున ఆకు అడుగుభాగం ఈనెను కరచిపట్టుకుని చనిపోతున్నట్టు తేలింది. తర్వాత తల వెనుక నుంచి ఒక కాడ మొలిచి, కింద నడిచే చీమల మీద సిద్ధబీజాలు రాలుతాయి. 2017లో వెలువడిన ఒక పరిశోధన నన్ను ఎక్కువగా పట్టుకుంది. రోగం సోకిన చీమల ఒళ్ళంతా శిలీంధ్ర కణాలు నిండి కండరాల చుట్టూ వలలా అల్లుకున్నాయి గాని, మెదడులోకి మాత్రం చొరబడలేదట. ఒళ్ళు పరాధీనమైన తర్వాత కూడా తల తనదిగానే మిగలడం కన్నా దేవతకు తగిన శిక్ష నాకు తోచలేదు.

ప్రతిఘటన కూడా రాయాలి, లేకపోతే ఆమె ఉత్త బాధితురాలవుతుంది. శిలీంధ్రం సోకిన మిడతలు ఎండలో కూర్చుని ఒళ్ళు మామూలుకన్నా ఎక్కువగా వేడెక్కించుకుంటాయి, ఆ వేడికి శిలీంధ్రం మందగిస్తుంది. జ్వరాన్ని లోపల పుట్టించుకోలేని ప్రాణి సూర్యుడి దగ్గర అప్పు తెచ్చుకోవడమన్నమాట. నా గొడుగుల తల్లి రోజూ మిట్టమధ్యాహ్నం తట్ట మూత తీయమంటుంది.

ఇక పేరు సంగతి. మన భాషలో ఈ మొక్క కాని మొక్కను పుట్టగొడుగు అంటాం, పుట్ట మీద మొలిచే గొడుగు కాబట్టి. చెదలు కొన్ని పుట్ట లోపల నిజంగానే శిలీంధ్రాన్ని సాగుచేసుకుని తింటాయి, తొలివానల తర్వాత అదే పుట్ట మీదికి గొడుగులై వస్తుంది. ఆమె దేవతగా ఉన్నప్పుడు కొలువు పుట్ట మీదనే, పట్టిన గొడుగులు అవే. ఇప్పుడు ఆ గొడుగు ఆమె మెడ వెనుక నుంచి మొలుస్తోంది. ఈ పోలికను కథలో ఒక్కసారి కూడా మీ నోటితో చెప్పవద్దు, చూపించి ఊరుకోండి.

4. ఒంటి నుంచి నేరాన్ని రాబట్టండి

ఇప్పుడు కారణం దగ్గరకు రావచ్చు. మన పురాణాల్లో శాపాలకు లోటు లేదు. నహుషుడు కొండచిలువ అయ్యాడు, నలకూబర మణిగ్రీవులు మద్ది చెట్లయ్యారు. కాని ఆ శాపాలన్నీ విమోచనంతో కలిపి వచ్చేవి. శాపం పెట్టిన నోటే గడువు కూడా చెబుతుంది కాబట్టి అక్కడ ఉత్కంఠ తక్కువ. మీరు చేయవలసిందల్లా రెండో మూడో దశల్లో రాసుకున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని, ఏ తప్పుకు ఇదే శిక్ష సరిపోతుందని అడగడం.

అడవిలో శిలీంధ్రం పని, చచ్చినదాన్ని మట్టిగా మార్చడం. కాబట్టి కుళ్ళవలసినదాన్ని కుళ్ళనివ్వకపోవడమే ఆమె తప్పని నేను తేల్చుకున్నాను. ఆమెకు ఇష్టమైనది ఒక జీలుగు చెట్టు, ఒడియాలో సలప అంటారు, కల్లు ఇచ్చేది అదే. ఆ జాతికి ఒక స్వభావం ఉంది. పూత పై నుంచి మొదలై గెల తర్వాత గెలగా కిందికి దిగుతూ కొన్నేళ్ళు సాగి, చివరి గెల ముగిశాక చెట్టే చనిపోతుంది. తన ఆయువు పూర్తి చేసుకుని, తిత్లీ గాలికి కూలిన ఆ మొద్దును ఆమె కుళ్ళనివ్వలేదు. చూడటానికి అది దయే. దాని కింద మొలవవలసినవి మొలవలేదు, తినవలసిన పురుగులు ఆకలితో పోయాయి, చెదలు వలసపోయాయి. కొండ తన కుళ్ళును తిరిగి అడిగింది. ఆ మొద్దులో పుట్టవలసిన పురుగు ఒంట్లోకి ఆమెనూ, ఆ మొద్దును తినవలసిన శిలీంధ్రాన్ని ఆమె ఒంట్లోకీ పంపింది. ఇక్కడ శపించినవాడు లేడు, కాబట్టి బతిమాలుకోవడానికీ ఎవరూ లేరు.

భ్రమరకీట న్యాయం కూడా మీ చేతికి అందుబాటులో ఉన్న పనిముట్టే. తుమ్మెద తెచ్చి మట్టిగూట్లో పెట్టిన పురుగు దాన్నే తలచుకుంటూ తుమ్మెద అయిపోతుందని వేదాంతులు చెబుతారు. గూడు కట్టే కందిరీగ నిజంగా చేసేది వేరు. అది పురుగును కుట్టి కదలకుండా చేసి తన పిల్లకు ఆహారంగా పెడుతుంది, పిల్ల దాన్ని తిని రెక్కలతో బయటికి వస్తుంది. మీ దేవత శిలీంధ్రంగా మారుతోందా, లేక శిలీంధ్రం ఆమెను తిని ఆమె రూపంలో బయటికి వస్తోందా? రెండు పాత్రలను రెండు రకాలుగా నమ్మనివ్వండి. మహాభారతం అనుశాసనిక పర్వంలో బండి చప్పుడుకు బెదిరి పరుగెత్తే పురుగొకటి, ఈ బతుకు కూడా తనకు తీపేనని వ్యాసుడితో అంటుంది. పురుగు ఒళ్ళు దక్కినందుకు ఆమె ఎప్పుడూ అసహ్యపడుతూ ఉండనక్కరలేదని ఆ చిన్న కథ నాకు నేర్పింది. కొమ్ము మీద ఎండ పడినప్పుడు ఆమెకు సంతోషమే వేస్తుంది.

5. ఒక్క శక్తిని మిగల్చండి, దానికి ధర కట్టండి

అన్నీ పోయిన దేవత జాలి పుట్టిస్తుంది, అన్నీ మిగిలినది విసుగు పుట్టిస్తుంది. ఒక్కటి మిగల్చాలి, అది ఆమె నేరానికి చెందినదే అయి ఉండాలి. గొడుగుల తల్లి ముట్టినది ఇంకా కుళ్ళదు. ఒక తట్ట చేపలను ఒక రాత్రి కాపాడితే ఆమె ఒంటి మీద బూజు గోరంత పెరుగుతుంది. ఈ లెక్కను మొదటే గోడమీద రాసుకుని, కథలో ఎక్కడా తప్పకండి. ఆటగా ఆడుకునేవారైతే గోరంతలను పాత్ర కాగితం మీద గళ్ళుగా గీసి నింపుకుంటూ పోవచ్చు. ముప్ఫై గళ్ళు చాలు, అంతకు మించితే ఆట సాగదీసినట్టవుతుంది.

శక్తికి అనుకోని ఇబ్బందులు కూడా పెట్టండి, నవ్వు అక్కడే దొరుకుతుంది. ఆమె ఉన్న ఇంట్లో చోడి అంబలి పులియదు. జీలుగు కల్లు ఎంతసేపున్నా తియ్యగానే ఉండిపోతుంది. పాలు తోడుకోవు. మొదటి వారం దేవత వచ్చిందని మొక్కిన ఊరే రెండో వారం కల్లు ఎక్కడం లేదని ఆమెను పొలిమేర దాటించే ఆలోచన చేస్తుంది.

6. ఏడాదిని కార్తెలతో కొలవండి

శిలీంధ్రానికి తేమే ప్రాణం కాబట్టి మీ కథాక్రమాన్ని నెలలతో కాక కార్తెలతో వేసుకుంటే పని తేలిక. రోహిణి ఎండల్లో బూజు ఎండి రాలుతుంది, ఆమెకు తెరిపి. కాని అదే ఎండ ఆమె ఒంటి నీటినీ తీసేస్తుంది. మృగశిర చినుకులకు ఉసుళ్ళు లేస్తాయి, ఆమె పాత పుట్ట నుంచి కూడా. ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా అడవిలో గొడుగులు, ఆమె ఒంట్లో నొప్పులు. చిత్త, స్వాతి కార్తెలు తుఫాన్లవి. కొండల మీది చలికాలపు పొగమంచు ఎండను అడ్డుకుంటుంది కాబట్టి మధ్యాహ్నపు వేడి కూడా దొరకని ఆ రోజులే ఆమెకు చివరి గండం.

7. మాట, మోత

ఆమెను మోసే మనిషిని ఇప్పుడు తెచ్చుకోండి. నా కథలో ఆమె పేరు పెంటమ్మ, తీరం నుంచి ఎండుచేపలు కట్టుకుని కొండ సంతలకు వెళ్ళే తెలుగావిడ, బుధవారం చాటికోన సంత ఆమె దారిలో పెద్దది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తీసుకుని పెంటమ్మ, పెంటయ్య అని పిలవడం మన వైపు పాత అలవాటు, చావు కన్ను పడకుండా. పెంటకుప్పలో దొరికిన దేవతను మోయడానికి ఇంతకన్నా తగినవారు లేరు. పైగా ఉప్పుతో కుళ్ళును ఆపడమే ఆమె వృత్తి. దేవత చేసిన తప్పును ఆవిడ రోజూ చేస్తూ, కిలోల లెక్కన అమ్ముతోంది.

దేవత నోట గ్రాంథికం పెట్టాలన్న కోరిక కలుగుతుంది, ఆపుకోండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశారు, ఈ ఊళ్ళో కూర్చుని ఆ తప్పు మనం చేయకూడదు. తట్టలోని దేవత తనను మోసే మనిషి మాటనే నేర్చుకుంటుంది. నా కథలో వాళ్ళిద్దరి మొదటి సంభాషణ ఇది:

“లెగలేకపోతున్నావేటి తల్లీ?”

“కాళ్ళు నావేనే గుంటా, నడకే నాది కాదు.”

శిలీంధ్రం గురించి పైన మూడో భాగంలో చెప్పినదంతా ఆ ఒక్క జవాబులో ఇమిడిపోయింది కాబట్టి కథలో దాన్ని మళ్ళీ వివరించలేదు. సంతలో ఒడియా మాట్లాడేవారు ఆమెను మా అంటారు. సవర, కువి మాటలు కావలసి వస్తే ఆ భాష మాట్లాడే మనిషిని అడిగి, అర్థం సరిచూసుకుని రాయండి, చప్పుడు బాగుందని పదాలు కల్పించవద్దు. సవరల ఇంటి గోడల మీది ఇడితాల్ బొమ్మలు కూడా అంతే, అవి పూజకు సంబంధించినవి, కథకు అలంకారంగా తగిలించదగినవి కావు.

8. ఆమె ఎక్కబోయే చెట్టును ముందే గుర్తించండి

మొదటి వాక్యం రాసే ముందు చివరి స్థలం తేలాలి. శిలీంధ్రం పండే రోజు దగ్గరపడినప్పుడు ఆమె కాళ్ళు ఆమెను పైకి నడిపిస్తాయి, ఎంత ఎత్తుకో, ఏ చెట్టుకో కాళ్ళే నిర్ణయిస్తాయి. కాడ మొలిచాక సిద్ధబీజాలు కిందికే రాలుతాయి కాబట్టి ఆ చెట్టు కింద ఏముందన్నదే మీ కథకు ముగింపు. కింద సంతకు పోయే కాలిబాట ఉంటే అది ఒక కథ. ఆమె కుళ్ళనివ్వని జీలుగు మొద్దు ఉంటే అది మరొకటి. నేను మూడుసార్లు మార్చి రెండోదానికి వచ్చాను, అయినా పెంటమ్మ ఆ రోజు ఎక్కడ నిలబడి ఉండాలో తేల్చడానికి ఇంకో నెల పట్టింది. ఒక కాగితం మీద కొండ గీసి, చెట్టునూ మొద్దునూ బాటనూ గుర్తుపెట్టి, గాలి ఎటు వీస్తుందో బాణం గుర్తు వేసి, తట్ట దించిన చోటును చుక్క పెట్టి ఉంచండి. ఆ చుక్క గాలికి ఎదురుగా ఉందో, గాలివాలులో ఉందో చూసుకున్నాకే మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.